కచాలే గారి రెండు పసుపులు

జొంబా ఊళ్ళో దర్జీ వైసన్ కచాలేకి తాగుడు లేదు, జూదం లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు: రెండిట్లో ఒకటి తేల్చుకోలేడు. ఏ దారం వాడాలో తెగక ఎవరిదో పంట్లాం ఎడమకాలు నల్లదారంతో, కుడికాలు నీలందారంతో కుట్టాడు. చర్చికి దారులు రెండున్నాయి కాబట్టి ఏ ఆదివారమూ ప్రార్థన మొదలు విన్నవాడు కాడు.

అలాంటి మనిషి పడగ్గదికి పసుపు రంగు వేయించబోయాడు. రంగులు వేసే సైలెసి గోడ మీద రెండు పట్టీలు పూసి చూపించాడు. ఒకటి మామిడిపండు పసుపు, ఒకటి అరటిపండు పసుపు.

"ఏది కానిమ్మంటారు పెద్దాయనా?"

"రెండూ ఒకేలా ఉన్నాయి కదయ్యా!"

భార్య ఎలుబే గుమ్మంలోంచి తొంగిచూసింది. "కుడిది ముదురు, ఎడమది లేత. ఆమాత్రం కనపడట్లా? ఈ కళ్ళతోనేనా ఊరందరి బట్టలూ కుట్టింది?"

"రేపు చూద్దాంలే" అన్నాడు కచాలే, తల గోక్కుంటూ.

ఆ రేపు మూడు నెలలు సాగింది. వారం వారం సైలెసికి కబురు. వచ్చీరాగానే కచాలే వసారాలోకి లాక్కెళ్ళి చెవిలో ఊదేవాడు: "ముదురుదాన్ని ఇంకాస్త ముదురు చెయ్యి. లేతదాన్ని ఇంకాస్త లేత చెయ్యి." పట్టీలు ఆరాక ఎలుబే వచ్చి తేడా చెప్పేది. కచాలే తనకేమీ కనపడట్లేదనేవాడు. ఆవిడ కడుపునిండా తిట్టేది.

చివరికి ఒకటి నారింజ దరికి, ఇంకోటి పాలతెలుపు దరికి చేరాయి. సైలెసికి ఓపిక చచ్చింది.

"ఇప్పుడు మా మేకనడిగినా తేడా చెబుతుంది పెద్దాయనా! నాతో ఏంటీ ఆటలు?"

కచాలే మెట్టు మీద కూలబడ్డాడు. "మా ఎలుబే చూపు పోతోందయ్యా. డాక్టర్లు ఇక మందు లేదన్నారు. ఆవిడకీ తెలుసు. నన్ను గుడ్డివాడా అని తిడుతున్నంతసేపూ తన కళ్ళ సంగతి మరిచిపోతుంది."

సైలెసి డబ్బా మూత తీశాడు. ముదురుది ఇంకాస్త ముదురు చేశాడు.

ఆపై వారం ఎలుబే గోడకు బాగా దగ్గరగా వెళ్ళి నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"రెండూ ఒకటేగా" అంది మెల్లగా.

సైలెసి చేతిలోని కుంచె కింద పెట్టేశాడు. కచాలే మాత్రం చప్పట్లు కొట్టాడు. "విన్నావుటయ్యా? మూణ్ణెల్లుగా నేను మొత్తుకుంటోంది అదేగా!"

ఆవిడ కళ్ళు తుడుచుకుని, మొగుడి గొంతు వచ్చినవైపు తిరిగి నవ్వింది. "సరే, గెలిచావు. ఇక వేయించు."

కచాలే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తటపటాయించలేదు. చప్పుడు చెయ్యకుండా కుడిపట్టీ వైపు వేలు చూపించాడు.

రంగు ఆరిన మర్నాడు నిచ్చెన కోసం వచ్చిన సైలెసికి కిటికీలోంచి మాటలు వినపడ్డాయి.

"ఎండ పడ్డాక ఎలా ఉంది?"

"ముదురనాలో లేతనాలో తేలట్లేదే ఎలుబే."

"సరిగ్గా చూడవయ్యా మగడా! ఇకనుంచి నా వాటా కూడా నువ్వేగా చూడాలి."