తెల్లకాగితం అడుగున సంతకం

మా జిల్లా వెయిట్‌లిఫ్టింగ్ సంఘానికి తొమ్మిదేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. ఆ తొమ్మిదేళ్లూ నాదొక పద్ధతి. మిరప కోతలు మొదలయ్యేలోపే మా క్రీడాకారులందరి దగ్గరా తలా నాలుగు తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకునేవాణ్ణి. కోతల కాలంలో వాళ్లు తల్లులతో పాటు చేలకు పోతారు, ఒక్కోసారి వేరే ఊళ్ల కల్లాల దగ్గరే ఉండిపోతారు. సరిగ్గా అప్పుడే రాష్ట్ర సంఘం నుంచి ఫోనొస్తుంది, సాయంత్రానికల్లా అంగీకార పత్రాలు పంపమని. ఆ కాగితాలుంటే పైన టైపు చేసి పంపొచ్చు, ఎవరి అవకాశమూ పోదు. అందుకే, "అడుగున పెట్టమ్మా, పైన చోటుండాలి" అనేవాణ్ణి. మిగిలినవి అడిగితే రాష్ట్ర సంఘానికీ పంపేవాణ్ణి. మంచి పనే చేస్తున్నాననుకున్నాను.

అలా సంతకాలు పెట్టినవాళ్లలో ఒకమ్మాయి జాతీయ శిబిరానికి ఎంపికైంది. మా షెడ్డు మార్టూరులో రాళ్లు పాలిష్ చేసే యూనిట్ల వెనక ఉండేది. బార్ మీద పేరుకున్న రాతిపొడిని చున్నీతో తుడుచుకుని బరువులెత్తేది. తండ్రి లేడు. తల్లి కోతల కూలీ.

శిబిరంలో కోచ్ రోజూ ఏదో పొడి నీళ్లలో కలిపి ఇచ్చేవాడట. ఏమిటని అడిగితే విటమిన్ అన్నాడట. పరీక్షలో ఈ అమ్మాయి నమూనాలో నిషేధించిన మందు బయటపడింది. విచారణలో జాతీయ సంఘం ఒక కాగితం పెట్టింది. మందు తానే బయట కొనుక్కుని వాడానని, కోచ్‌కీ సంఘానికీ సంబంధం లేదని ఆమె రాసిచ్చినట్టు. కింద ఆమె సంతకం.

నాలుగేళ్ల నిషేధం వేశారు.

ఆ కాగితం జిరాక్సు పట్టుకుని తల్లీకూతుళ్లు మా ఇంటికొచ్చారు. చూడగానే నాకు అర్థమైంది. పైన మూడు వరుసల టైపు, తర్వాత జానెడు ఖాళీ, ఎక్కడో అడుగున సంతకం. పైగా ఆ సంతకంలో, ఇంగ్లీషులో రాసిన పేరుకి ఒక అక్షరం తక్కువ. మొదట్లో అలాగే రాసేది. పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టినప్పుడు నేనే దగ్గర కూర్చుని దిద్దించాను, అప్పట్నుంచీ సరిగ్గానే రాస్తోంది. కాగితం మీద తేదీ మాత్రం పాస్‌పోర్టు వచ్చిన ఆర్నెల్లకు వేసి ఉంది.

"నేనిది రాయలేదు సార్. మీకు తెలుసుగా" అంది.

"అప్పీలుకి మూడు వారాలే టైముందంట సారూ" అంది తల్లి. "తెల్లకాయితం మీద పెట్టించుకున్నానని మీరొక్క ముక్క రాసివ్వండి. మీ మాటైతే నమ్ముతారు."

"పైవాళ్లతో మాట్లాడతానమ్మా" అన్నాను.

మాట్లాడాను. రాష్ట్ర కార్యదర్శి తేలిగ్గా నవ్వేశాడు. "మీరు పైకి పంపారు, మేమూ పైకి పంపాం. ఇంక మనకేం సంబంధమండీ? అది సరేగానీ, బ్లేజరు కొలతలిచ్చారా లేదా?" జాతీయ సంఘం ఆఫీసులో, ఆ కాగితం కింది నుంచే వచ్చింది, మమ్మల్నడుగుతారేమిటన్నారు. వైద్య కమిటీ వాళ్లు ఆ పొడి సంగతి కోచ్‌ని అడగమన్నారు. కోచ్ కాంట్రాక్టు అయిపోయింది, ఫోనెత్తలేదు.

కింద ఉన్నవాడు "పైకి పంపాం" అంటాడు. పైనున్నవాడు "కింది నుంచి వచ్చింది" అంటాడు. ఈ రెండు మాటల మధ్య ఒక మనిషిని నిలువునా పాతిపెట్టారు, ఎవరి చేతికీ మట్టి అంటలేదు. అదే ఆ అమ్మాయి పతకం తెచ్చి ఉంటేనా? ఫొటోలో చోటు కోసం వీళ్లందరూ ఒకరినొకరు తోసుకునేవాళ్లు. అప్పుడు ఎవరూ మాకు సంబంధం లేదనరు.

ఆ తోపులాటలో నేనూ ఉండేవాణ్ణి. ఆ ఏడాది విదేశానికి వెళ్లే జట్టుకి మేనేజరుగా నా పేరు జాబితాలో ఉంది. నన్నెవరూ బెదిరించలేదు. నోరు మూసుకోమని కూడా అనలేదు. బ్లేజరు కొలతలు అడిగారు, అంతే. ఇచ్చాను. ఆ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది. "చూస్తున్నానమ్మా" అన్నాను. మూడు వారాలూ గడిచిపోయాయి. జేబు మీద దేశం పేరు కుట్టిన కోటు తొడుక్కుని విమానం ఎక్కాను.

రెండేళ్ల తర్వాత, పదవి దిగిపోతూ బీరువా ఖాళీ చేస్తుంటే ఒక తెల్లకాగితం దొరికింది. ఆమె పెట్టిన నాలుగింటిలో వాడనిది. అడుగున అదే సంతకం, అదే అక్షరం తక్కువ. ఆ పూటే కూర్చుని జరిగిందంతా రాశాను. రెండు కాగితాలూ తీసుకుని ఆమె పనిచేస్తున్న కల్లానికి వెళ్లాను.

ముక్కుకి గుడ్డ కట్టుకుని, తల్లి పక్కన కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతోంది.

"రెండేళ్లకు గుర్తొచ్చామా సారూ?" అంది తల్లి.

అమ్మాయి చెయ్యి తుడుచుకుని, నేను రాసింది మొదటి నుంచీ చివరిదాకా చదివింది. "ఇప్పుడిది ఎవరికివ్వాలి సార్?"

"పైకి..." అని ఆగిపోయాను.

"ఇంకా పైకంటే ఆ ప్రభువుకే ఇవ్వాలి" అంది తల్లి. చుట్టూ ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"ఆ ఖాళీ కాగితం కూడా జతచేసి మళ్లీ విచారణ అడుగుదాం. నేనే పట్టుకెళ్తాను. అడిగితే నిలబడి చెప్తాను" అన్నాను.

"చెబుదురుగాని. కాగితాలు మాత్రం నేనే తీసుకెళ్తా. మీకిస్తే మళ్లీ ఎవరికో పంపుతారు." అమ్మాయి మళ్లీ నా రాత వంక చూసింది. "సార్, మీరూ అడుగునే పెట్టారు సంతకం."

నిజమే. రాసింది సగం పేజీ. నా సంతకం కింది అంచున ఉంది. ఆ మధ్యలో ఎవరైనా ఏమైనా టైపు చేసుకోవచ్చు.

"ఆ చోటు కొట్టేయండి" అంది.

మోకాలి మీద కాగితం పెట్టుకుని అడ్డంగా గీతలు గీశాను. చివరి గీత దాకా చూసి, అప్పుడు చెయ్యి చాపింది.