నాలుగో మూల పసుపు

మా కనకయ్య బాబాయికి దేన్ని చూసినా ఏదో ఒకటి తక్కువైనట్టుండేది. అది తప్ప ఆయనకి వేరే జబ్బు లేదు.

జగ్గయ్యపేట బజార్లో ఆయనది పెళ్లిసామాను కొట్టు. ఎదురుగా నా గాజుల కొట్టు. కాబట్టి ఆయన్ని చూడకుండా ఉందామన్నా నాకు కుదిరేది కాదు. బాసికాలు చెయ్యడంలో చుట్టుపక్కల ఆయనకి సాటి లేరు. అట్టమీద కాకిబంగారం అంటించి, ఇనప అచ్చు ఆనించి, కొయ్యసుత్తితో ఒక్కటి వేస్తే తళతళలాడే చిలక ఊడిపడేది. ఇంకో అచ్చుకి మామిడిపిందె, ఇంకోదానికి కలువ. చెయ్యడానికి ఎంతోసేపు పట్టదు. చేశాకే వస్తుంది తంటా అంతా. దూరంగా పట్టుకుని చూసేవాడు, దగ్గరగా పట్టుకుని చూసేవాడు, రోడ్డు దాటి నా కొట్లోకొచ్చి చూసేవాడు.

"అమ్మాయ్, ఏదో తక్కువైందే!"

"ఏం తక్కువ కాలా బాబాయ్. పెళ్లివాళ్లు గంట నుంచి నిలబడున్నారు."

"నిలబడనీ. ఒక్క చిలక!"

ఆయన పెళ్లిలోనూ అంతేనట. సత్యనారాయణమ్మ పిన్ని ఎన్నిసార్లు చెప్పిందో. "జీలకర్రా బెల్లం పెట్టే వేళకి నా నుదుటి బాసికం ఊడదీశాడమ్మా, పిందె వంకరుందని! అవతల పురోహితుడు ముహూర్తం ముహూర్తం అని గొంతు చించుకుంటున్నాడు. ముప్పై ఏళ్లయింది. పప్పులో ఉప్పు సరిపోయిందని ఆ నోటితో ఒక్కనాడు వినలా."

ఒకసారి జి.కొండూరులో పెళ్లికని బస్సెక్కి చిల్లకల్లులో దిగిపోయి, ఎండలో నడుచుకుంటూ వెనక్కొచ్చాడు. కొట్టు గడపకి ఒక బొట్టు తక్కువైనట్టు దార్లో అనుమానం వచ్చిందట. తీరా లెక్కబెడితే ఒకటి ఎక్కువే ఉంది.

అలాంటి మనిషి దగ్గరికి, స్వతంత్రం వచ్చిన మరుసటేడు డిసెంబర్లో, ప్రేమానందం మాస్టారు వచ్చాడు. బళ్లో చిన్నపిల్లలకి పాఠం చెప్పే కుర్రాడు. చంకలో రంగుల పెట్టె, చేతిలో దళసరి కాగితం.

"పెళ్లెవరిది మాస్టారూ?" అన్నాడు బాబాయి.

"పెళ్లి కాదు శెట్టిగారూ. క్రిస్మస్ కార్డు చేసివ్వాలండి. నందిగామలో మా అక్కకి పంపాలి."

వాళ్లక్క ప్రమీలారాణి అక్కడ నర్సు. తల్లి పోయాక ఇతన్ని పెంచింది ఆవిడే.

"పోయినేటి ముందేడు పండక్కి వెళ్తే నాకు సంబంధం చూశానందండి," అన్నాడు మాస్టారు తల దించుకుని. "నన్నడక్కుండా చూశావేంటని కోపమొచ్చింది. 'నువ్వేమన్నా నన్ను కన్నావా' అనేశా. అక్క అన్నం పెట్టింది. అంతే. రెండేళ్లయింది, ఉత్తరం లేదు."

"ఇరవై మైళ్లు లేదు. ఓసారి వెళ్లి రాకూడదూ?" అన్నా నేను.

"ఏ మొహం పెట్టుకు వెళ్లనండీ? కార్డు చూసి జవాబు రాస్తే అప్పుడు చూద్దామని."

బాబాయి కాగితాన్ని మధ్యకి మడిచి, ఎండకి పట్టి చూశాడు.

"బొమ్మ ఏం కావాలి?"

"పశువుల కొట్టం, పసిబిడ్డ, పైన తోక ఉన్న చుక్క."

బాబాయి కాగితం కింద పెట్టేశాడు. "తోకచుక్కా? శుభమా అని పండగ చేసుకుంటూ తోకచుక్కేంటయ్యా? అరిష్టం!"

"దారి చూపించిన చుక్కండి అది."

సరేనని, వత్సవాయి నుంచి కమ్మరి సుబ్బరాయుణ్ణి పిలిపించి తోకచుక్క అచ్చు కొత్తగా చేయించాడు. తోక మూడుసార్లు సాగదీయించాడు, రెండుసార్లు కోయించాడు. సుబ్బరాయుడు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. కార్డు పైమడతలో చుక్క కొట్టి, ఆ సందు వెనక కాకిబంగారం అంటిస్తే, నేను బేరం వదిలేసి వచ్చి మరీ చూశా. అంతటితో ఊరుకుంటే ఆయన కనకయ్య బాబాయెందుకవుతాడు? కొట్టం కప్పు మీద రెండు చిలకలు అంటించాడు.

"బెత్లెహేములో చిలకలుంటాయాండీ?"

"పిల్లాడు పుట్టిన ఇంటికి చిలకలు రాకుండా ఎట్టా ఉంటయ్ మాస్టారూ?"

పెట్టెలో ఆకుపచ్చ అయిపోతే చిక్కుడాకు రసం పిండాడు. ఆకాశానికి పసుపు కలిపి పూశాడు. అప్పుడు మాస్టారు నోరు జారాడు, దొరల సీమకార్డుల్లో కింద మంచు కూడా ఉంటుందని.

"మంచంటే తెల్లారగట్ల పడేదేగా? కనపడనిదానికి బొమ్మేంటి?"

"అది తెల్లగా కుప్పలు కుప్పలుగా ఉంటుందటండి."

తెల్లనిది ఇంట్లో ఏముంది? తాంబూలంలోకి తడిపిన సున్నం. పసుపు మీద నాలుగు కుప్పలు పెట్టాడో లేదో, మంచంతా ఎర్రగా మండిపోయింది. పిన్ని తొంగిచూసి, "అయ్యో రాత! పసిబిడ్డకి పారాణి పెట్టారేంటండీ?" అంది.

మాస్టారు ఏడుపు మొహం పెట్టాడు. బాబాయి రోడ్డు దాటొచ్చి నా కొట్లోంచి చూశాడు. "తెల్లవారుతున్నట్టుందే! బాగానే ఉంది. కానీ ఏదో తక్కువైంది."

ఆ మాట మంగళవారమూ అన్నాడు, బుధవారమూ అన్నాడు. మాస్టారు రోజూ టపా వేళకి పరుగెత్తుకుంటూ రావడం, ఇక్కడ చూస్తే ఒక చుక్క తక్కువో, చిలకకి ముక్కు తక్కువో. బాబాయి కూచోడు, లేవడు, కొట్లో ఆ చివర్నించి ఈ చివరికి తిరుగుతాడు. ఆయన్ని చూస్తూ మాస్టారూ తిరుగుతాడు. వాళ్లిద్దర్నీ చూడలేక నాకు కళ్లు తిరిగేవి. గురువారం కూడా టపా దాటిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం మాస్టారు ఇంక ఆగలేకపోయాడు. "రేపే పండగ శెట్టిగారూ! ఇప్పుడు టపాలో వేసినా చేరదు. మీకు తక్కువైందేంటో నాకు తెలీదుగానీ, నాకున్నది ఆవిడొక్కతేనండీ!"

బాబాయి కార్డు తీసి, శుభలేఖకి రాసినట్టు మూలలకి పసుపు రాయడం మొదలుపెట్టాడు. ఇంతలో నందిగామ బస్సు హారన్ మోగింది. "పదండి, డ్రైవర్ వీరరాఘవయ్య చేతికిద్దాం," అంటూ లేచి పరుగు. వెనక మాస్టారు, ఆ వెనక నేను.

అది బొగ్గుబస్సు. వెనక పొయ్యి రాజుకునేదాకా కదలదు.

"మాస్టారూ, పైకెక్కి సీటు మీద నలక్కుండా పెట్టండి," అన్నాడు బాబాయి. మాస్టారు ఎక్కాడు. బాబాయి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "టిక్కెట్టు తీశా. పోనీ వీరరాఘవయ్యా!"

"శెట్టిగారూ! ఏంటండీ ఇది?"

"తక్కువైంది దొరికింది అబ్బాయ్. ఆ కార్డుకి నువ్వు తక్కువయ్యావు."

"నేను చొక్కా కూడా మార్చుకోలేదండీ!"

"మీ అక్క చూసేది చొక్కా కాదులే. కూచో!"

బస్సు పొగ కక్కుకుంటూ కదిలింది. నాలుగడుగులు పోయిందో లేదో, బాబాయి పంచె ఎగ్గట్టి దాని వెనకాల లగెత్తాడు. "ఆపు! ఆపు! నాలుగో మూలకి పసుపు రాయలా!"

బస్సు ఆగలేదు.

తిరిగొచ్చి పిన్నికి చెబితే పకపకా నవ్వింది. "నువ్వూ నమ్మావా అమ్మాయ్? ఆ కార్డు సోమవారమే అయిపోయింది. రోజూ మాస్టారు వచ్చే వేళకి ఒక చుక్క పీకి కూచునేవాడు. టపాలో పోతే చేరేది కాగితమేగా, అన్నాడు నాతో."

మాస్టారు వారం దాకా రాలేదు. వచ్చేటప్పటికి మొహం నిండుగా ఉంది, ఒంటిమీద కొత్త చొక్కా ఉంది. చేతిలో ఇంకో కార్డు. అక్కా తమ్ముడూ కూచుని కత్తెరతో చేసినదట. చిలకలు కాకుల్లా ఉన్నాయి. మూడు మూలలకి పసుపుంది. నాలుగోది ఖాళీ.

"అక్క వదిలెయ్యమందండి. మీ పనట అది."

బాబాయి దాన్ని దూరంగా పట్టుకు చూశాడు, దగ్గరగా పట్టుకు చూశాడు. రోడ్డు దాటి నా కొట్లోకొచ్చి చూశాడు. నేను పసుపు డబ్బా అందించబోయా. ఆయన చెయ్యి చాపలేదు.

"సరిపోయింది," అన్నాడు.

లోపల్నించి పిన్ని గరిటె పట్టుకుని వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. "ఏంటీ? పప్పేనా?"