గుర్తుమాట బూడిదక్క

మాది కర్ణాటకలోని తెలుగు పల్లె. బ్యాంకు నుంచి ఎవరు ఫోన్ చేసినా కన్నడమే మాట్లాడతారు. వాడొక్కడు మాత్రం, "నీ దుడ్డు ఈడే ఉండాది, యాడికీ పోదమ్మా" అన్నాడు. మన మాట మాట్లాడేవాడు మనవాడే అనుకుంది మా బలసముద్రం భాగీరథమ్మ. ఫోనుకు వచ్చిన ఓటీపీ చదివి వినిపించింది. సోలార్ కంపెనీ భూమికిచ్చిన ఏడాది కౌలు అంతా ఊడ్చుకుపోయాడు.

భర్త ఈరప్ప పల్లెత్తు మాట అనలేదు. గొర్రెలు కాసిన రోజుల్లో తోడేలుకు మన మాట వచ్చేది కాదు, ఇప్పుడు అదీ నేర్చిందని నవ్వి ఊరుకున్నాడు. ఆమె మాత్రం కుమిలిపోయింది.

ఆమె అన్న కొడుకు యోగీశ్ సోలార్ ప్లాంటులో కంప్యూటరు పని చేస్తాడు. అతనొచ్చి అత్తకు పాఠం చెప్పాడు. తెలియని నంబరును నమ్మొద్దు, ఇంటాయనకు ప్రమాదమని ఏడిపిస్తారు, గొంతు కూడా అచ్చంగా దించుతారు అన్నాడు. ఇంట్లోవాళ్లకే తెలిసిన గుర్తుమాట ఒకటి పెట్టుకోమన్నాడు. అది చెప్పకపోతే ఫోన్ కట్ చేసి, నంబరు బ్లాక్ చేయాలి. అదెలాగో ఆమె చేతే చేయించి చూపించాడు.

గుర్తుమాటను ఈరప్పే ఎంచాడు. బూడిదక్క. పొలం సోలార్ పలకల కిందికి పోయి మంద అమ్ముకున్నప్పుడు, మనసొప్పక చివరిదాకా ఉంచుకున్న గొర్రె పేరు అది. నీకంటే అదే నా మాట వినేదని పెళ్లాన్ని ఆటపట్టించేవాడు.

ఆ వేసవిలో ఈరప్ప తన ఫోను ఇంట్లో చార్జింగుకు పెట్టి పావగడకు వెళ్లాడు. భాగీరథమ్మ శెనక్కాయలు ఒలుస్తుంటే తెలియని నంబరు మోగింది. మీ ఇంటాయనకు బాగలేదు, బస్టాండులో పడిపోయినాడు, వెంటనే రండి అన్నాడెవడో. అచ్చం యోగీశ్ చెప్పినట్టే. ఆమె గుండె దిటవు చేసుకుని, ఆయప్పకే ఫోన్ ఇయ్యమంది.

"మన గుర్తుమాటేంది, చెప్పు."

అవతల ఆయాసం వినిపించింది. తర్వాత, "బూ... బూ..."

వెక్కిరిస్తున్నారనుకుంది. కట్ చేసి, నంబరు బ్లాక్ చేసింది. ఈసారి మోసపోలేదని తృప్తిగా మళ్లీ శెనక్కాయల ముందు కూర్చుంది.

ఎవరిని నమ్మకూడదో చెప్పడానికి ఊరంతా పంతుళ్లే. నమ్మకపోతే ఏం పోతుందో చెప్పినవాడు ఒక్కడూ లేడు. నాకు ఆ దొంగ మీద ఉన్నంత కోపం ఈ పాఠాల మీదా ఉంది. సాయంత్రానికి ఈరప్ప శవం ఇంటికొచ్చింది.

గుర్తుమాట చెప్పలేదు కదా, నేనేం చేసేది అని ఆమె కనబడినవాళ్లందరినీ అడిగేది. ఆ ఫోన్ చేసిన, ఆటో తోలే హనుమప్ప దినాలకు వచ్చాడు. పక్షవాతం కొట్టి నాలుక పడిపోయినా, ఈరప్పే హనుమప్ప ఫోనులో ఎడమచేత్తో ఇంటి నంబరు నొక్కాడట. మళ్లీ మళ్లీ చేసినా ఫోన్ కలవలేదట. ఆసుపత్రిలో ఈరప్ప చేయి పట్టుకుని హనుమప్పే కూర్చున్నాడట.

"కడదాకా బూ, బూ అంటానే ఉన్నాడమ్మా. ఏందో నాకు తెలీలేదు."

భాగీరథమ్మకు అప్పుడు తెలిసింది.

"సగం మాట చెప్పినాడప్పా," అంది. "తక్కిన సగం నేను అనింటే సరిపోతాండె."