ఏడు ప్రశ్నలకు అందని భయం

తాండూరు బస్టాండు పక్కన మందుల షాపులో నిన్న ఎవరో చేతులకు శానిటైజర్ రాసుకున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే అనసూయ మేడం గుర్తొచ్చింది. కరోనా తగ్గుముఖం పట్టిన రోజుల్లో నాకు తొలి ఉద్యోగమిచ్చి పని నేర్పిన మనిషి ఆమె. ధారూర్ నుంచి రోజూ రైలెక్కి వికారాబాద్‌లోని మా ఆఫీసుకు వచ్చేది. ఆ జబ్బంటే జనానికి ఎంత భయముందో కొలిచే సర్వే మాది. గుండె దడ పుడుతుందా, అరచేతులకు చెమట పడుతుందా అంటూ అవే ఏడు ప్రశ్నలు ఎన్నో దేశాల్లో, ఎన్నో భాషల్లో అడుగుతున్నారని మేడం చెప్పింది. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయాలి; అసలు లేకుంటే ఒకటి, బాగా ఉంటే అయిదు.

తాండూరులో ఒక కిరాణా వ్యాపారి అన్నిటికీ అయిదే వేయించాడు. మాస్కు గడ్డం కింద ఉంది, దుకాణం నిండా జనం. "భయం లేదని రాస్తే మాకు జబ్బు ఫికరే లేదనుకుంటరు. అయిదే రాయమ్మా" అని నవ్వాడు. మర్నాడు పెద్దేముల్ దగ్గరి పల్లెలో గొర్రెలు కాసే మల్లమ్మ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. "దడ లేదు, చెమట లేదు. పండుకుంటే నిద్రొస్తది." ఏడు ఒకట్లు వేసుకుని, ఎంత గుండె ధైర్యమో అనుకుంటూ ఆటో ఎక్కాను.

మేడం ఆ కాగితం చూసి, "ఇంట్ల ఇంకెవరున్నరు?" అని అడిగింది.

"ఒక్కతే మేడం. పెనిమిటి కరోనల పోయిండట."

"పోయిండా? అయినా భయం లేదన్నదా?" మేడం లేచి నిలబడింది. "పా, పోదాం."

మల్లమ్మ గొర్రెల దొడ్డి దగ్గర ఉంది. మేడం కాగితాలు బయటికి తీయలేదు. ఆమె పక్కన నేల మీదే కూర్చుని, "అక్కా, మీ ఇంటాయనకు జ్వరమొచ్చిన నాడు నువ్వేం చేసినవ్?" అని మాత్రం అడిగింది. మల్లమ్మ దొడ్డి వెనక రేకుల కొట్టం చూపించింది.

"గా కొట్టంల పండవెట్టి బయట గొళ్లెం వెట్టిన. నీళ్లియ్యవే అని అర్సిండు. చెంబు వట్టుకొని గీ రాయి దాంక వచ్చిన. గీడికెల్లి కాళ్లు లేవలే. గట్లనే నిలవడ్డ. పొద్దుగూకినంక అర్సుడు బందయింది."

మేడం ఆ రాయి వైపు చూసి అడిగింది. "మరి ఈ పిల్ల అడిగితే భయం లేదన్నవ్?"

"భయమైతే ఉరుకుతరు గదమ్మా. నేను ఉరకలే. గిదేందో నాకెరుక లేదు."

తిరిగొస్తుంటే, "అంకెలు మార్చి అయిదు వేస్త మేడం" అన్నాను.

"వద్దు. ఆమె చెప్పిందే ఉండాలె. నీకు తోచింది వేస్తే అది కొలుసుడు గాదు. తప్పు ఆమెది గాదు బిడ్డా, మన ప్రశ్నది."

మా ఊళ్ల అంకెలను వేరే దేశాల అంకెల పక్కన పెట్టి పోల్చకూడదని ఆమె పైవాళ్లకు రాసింది. పని ఆలస్యమవుతుందని వాళ్లు కోప్పడ్డారు. ఆమె తగ్గలేదు. ఆఖరికి సర్వే ఆపి, ఊరూరా జనం చెప్పిన మాటలతో ప్రశ్నలు మళ్లీ రాయించారు. 'కాళ్లు కదలలేదా' అన్నది వాటిలో ఒకటైంది. మేడం కాంట్రాక్టు మాత్రం మళ్లీ పొడిగించలేదు. సంచీ భుజానికి తగిలించుకుని, మామూలుగానే రైలుకు వెళ్లిపోయింది.

నేనిప్పటికీ సర్వేలే చేస్తున్నాను. ఎవరైనా "నాకేం లేదమ్మా" అంటే వెంటనే అంకె వేయలేను. పెన్ను పక్కన పెట్టి, కష్టమొచ్చిన నాడు ఏం చేశారో చెప్పమంటాను. చెప్పేదాకా కూర్చుంటాను, వినడానికి నాకు భయమేసినా సరే.