అలల చప్పుడు వినబడే గుట్ట

మొన్న ఆదివారం కిష్టారెడ్డిపేటలో అన్న వాళ్ల ముందుగదిలో ఉన్నది ముగ్గురం: వదిన, డిగ్రీ చదువుతున్న వాళ్ల అమ్మాయి, నేను. చాప మీద పెట్టి ఉన్నవి: ఎండకు వెలిసి బూడిద రంగుకు తిరిగిన ఒక నీలం బ్యాక్‌ప్యాకు, చుట్ట చుట్టిన రెండు ఫోమ్ పరుపులు, సెల్లు తీసేసిన టార్చిలైటు, అడుగున మసి పట్టిన అల్యూమినియం గిన్నె, ఒక నైలాన్ తాడు. గోడ పక్కన కిరాయికి తెచ్చిన ఆక్సిజన్ మెషీను. దాన్ని వాపసు తీసుకుపోయే మనిషి వస్తానన్నాడట, ఇంకా రాలేదు. అన్న పోయి నెల దాటింది.

అన్న అంటే నాకు తోడబుట్టినవాడు కాదు. చదువు పూర్తి చేసి నేను పటాన్‌చెరులో మందుల కంపెనీలో చేరినప్పుడు అక్కడ షిఫ్టు ఇన్‌చార్జి, జోగిపేట వైపు పల్లె నుంచి వచ్చినవాడు, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. మొదటి రోజే తమ్మీ అన్నాడు, నేను అన్నా అన్నాను, ఇద్దరం ఇక మార్చుకోలేదు. బ్యాగు నన్ను తీసుకుపొమ్మంది వదిన. ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదా అన్నాను. ఆమె దాని పట్టీలు సర్దుతూ, నా వైపు చూడకుండా, "గుట్టలెక్కిన బ్యాగు తమ్మీ, అటకెక్కియ్యనీకి మనసొస్తలేదు" అంది.

ముప్ఫై అయిదేళ్ల వాణ్ని. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని నాకు తెలుసు. కానీ పొద్దున్నే ముంబయి హైవే మీద కంపెనీ బస్సు కోసం నిలబడి, గాలి ఎటు నుంచి వస్తున్నదో వాసనను బట్టి చెప్పుకుని, మూడు షిఫ్టులలో తిండినీ నిద్రనూ తిరగేసుకుని బతికిన నా ఈడు వాళ్లకు ఒక సంగతి తెలుసు: ఈ ఫ్యాక్టరీల బెల్టులో మనిషికి పాత రోజులు తొందరగా వచ్చేస్తాయి.

కంపెనీ విశాఖపట్నం దగ్గర కొత్త యూనిట్ పెట్టినప్పుడు పటాన్‌చెరు నుంచి పంపినవాళ్లలో నేనూ అన్నా ఉన్నాం. వదినా పాపా బడి కోసం ఇక్కడే ఉండిపోతే, అక్కడ మేమిద్దరం ఒక గది తీసుకున్నాం. అన్న నలభయ్యో పడికి దగ్గర పడ్డాడు గాని సముద్రాన్ని అంతవరకు చూడలేదు. వెళ్లిన మొదటి వారాంతపు సెలవు నాడు బీచి రోడ్డుకు తీసుకుపోయాను. అందరూ ముందు నీళ్ల వైపు చూస్తారు. ఆయన చెప్పుల్ని చేతిలో పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదలకపోతే ఏమైందని అడిగాను. ఇన్ని దినాలు దీన్ని చూడాలనుకున్నా గని ఇది ఇనేటిది అన్నాడు. తర్వాత తీరిగ్గా, పల్లీలు ఒలుచుకుంటూ, తన కోరిక చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ల పల్లె వెనక గుట్ట మీద, మేకల్ని వదిలేసి, చల్లబడిన బండ మీద పడుకునేవాడట. ఆ పడుకున్న సుఖం తర్వాత ఏ మంచం మీదా దొరకలేదట. అట్లాంటి గుట్ట ఒకటి కావాలి, దాని మీద పడుకుంటే కింద సముద్రం చప్పుడు వినబడాలి. ఒక్క రాత్రి చాలు. అంతే ఆయన అడిగింది.

నేను దాన్ని ఒక సమస్యగా తీసుకున్నాను, నా చదువు అట్లాంటిది. కొండ కావాలి, రాత్రి ఉండనివ్వాలి, మంచినీళ్లు దగ్గర్లో దొరకాలి, మర్నాటి షిఫ్టుకు అందేలా బస్సు ఉండాలి, అలల చప్పుడు వినబడాలి. విశాఖ లాంటి ఊళ్లో, కొండా సముద్రమూ భుజాలు రాసుకు తిరిగేచోట, ఇది చిన్న పని అనుకున్నాను. ఇప్పటి పిల్లలకు ఫోను తెరిస్తే బొమ్మలతో సహా దొరుకుతాయి గాని, అప్పటికి ఇన్ని లేవు, ఉన్నా మేం నమ్మేవాళ్లం కాదు. ఆటోవాళ్లను అడిగేవాళ్లం, టీ కొట్టు దగ్గర అడిగేవాళ్లం, అడిగిన చోటల్లా దారితో పాటు ఒక కథ కూడా ఇచ్చేవాళ్లు. అందరికంటే ఎక్కువ చెప్పింది మా షిఫ్టు కెమిస్టు. భీమిలి అవతలి వైపు అతను, నా ఈడువాడే. మా ఇద్దరి భాష విని నవ్వుకోవడం అతనికి కాలక్షేపం. అన్న ప్రతి కొండనూ గుట్ట అనేవాడు. సింహాచలం గుట్ట, యారాడ గుట్ట. కెమిస్టు ప్రాణం ఉసూరుమనేది. "గుట్టేటండీ బాబూ, కొండనండీ. గుట్టంటే మాకు చెత్తగుట్టండీ" అని ఓపికగా దిద్దేవాడు. అన్న అంతే ఓపికగా తల ఊపి, మళ్లీ గుట్టే అనేవాడు.

ముందు అనంతగిరి దాకా పోయాం, కెమిస్టు కూడా వచ్చాడు. సొరంగాల్లోంచి పోయే ఆ రైలూ, కాఫీ తోటల కింద మిరియాల తీగలూ, పొద్దున్నే గడ్డి మీద మంచూ, అన్నీ బాగానే ఉన్నాయి గాని సముద్రం అక్కడి నుంచి ఎక్కడో. ఆ తర్వాత మాధవధార నుంచి మెట్ల దారిన సింహాచలం వైపు దాటాం. యారాడ కొండ మీద నుంచి ఓడలన్నీ పిల్లలు వదిలిన కాగితప్పడవల్లా కనిపించాయి, గాలి తప్ప ఏమీ వినిపించలేదు. ప్రతి చోటా అన్న ఒక పని చేసేవాడు. కొంత దూరం ఎక్కగానే ఆగి, నా వైపు చూసి, "తమ్మి అలిసిండు, జెర దమ్ము దీసుకుందం" అనేవాడు. నేను అలిసిపోలేదంటే వినేవాడు కాదు. ఇంజనీర్లు కుర్చీల్ల పుట్టి కుర్చీల్లనే పెరుగుతరు, మోకాళ్లల్ల గ్రీజు ఉండదని కెమిస్టుకు చెప్పి, నన్ను బండ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చునేవాడు. పెద్దవాడు, నా మీద ప్రేమ కొద్దీ ఆగుతున్నాడనుకునేవాణ్ని. కొంచెం చిన్నతనంగా కూడా ఉండేది.

నెలలు గడిచేకొద్దీ మేం వెతికే కొండలు చిన్నవవుతూ వచ్చాయి. దానికి అన్న దగ్గర మంచి కారణమే ఉంది. ఎత్తుకు పోతే చూపు దొరుకుతది గని చప్పుడు దొరకదు అనేవాడు. అది నాకు ఎంత సబబుగా తోచిందంటే, దూరం పెరిగేకొద్దీ ధ్వని ఎట్లా పలచబడుతుందో గదిలో కూర్చుని లెక్కలు కట్టి, మనం వెతకవలసింది తక్కువ ఎత్తులోనే అని ఆయనకే తిరిగి వివరించాను. శ్రద్ధగా విన్నాడు. గట్ల చెప్పు మరి, సదువుకున్నోనివి అన్నాడు.

ఒక సాయంత్రం తొట్లకొండకు పోయాం. పైకి చక్కటి తారు రోడ్డు, మెట్లు కూడా లేవు. ఆ రోజు సామానంతా కెమిస్టు బండి మీద ముందే పైకి వెళ్లిపోయింది, నా చేతిలో నీళ్ల సీసా తప్ప ఏమీ లేదు. మా పక్క నుంచి ఒక ముసలావిడ మనవరాలిని చంకనేసుకుని, ఐసుక్రీము తినిపిస్తూ దాటిపోయింది. సగం రోడ్డులో అన్న ఆగి, మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుని, "తమ్మి అలిసిండు" అన్నాడు. ఆ మాటను రెండు ముక్కలుగా అన్నాడు, మధ్యలో గాలి పీల్చుకుని. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. అలిసిండని ఎవరికి చెప్పాలో, కెమిస్టు కూడా పక్కన లేడు.

నాకు చెమటైనా పట్టలేదు. అది ఆయనకూ కనబడుతూనే ఉంది. అయినా నేను పక్కనున్న రాతి కట్ట మీద కూలబడి, ఆయాసం వచ్చినవాడిలా, "అవునన్నా, దమ్మొస్తుంది, కూసుందం" అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా సముద్రం ఉంది, కింద రోడ్డు మీద భీమిలి బస్సు హారన్లు ఉన్నాయి, అలలు మాత్రం వినబడటం లేదు. ఊపిరి కుదుటపడ్డాక, అడగకుండానే, "పటాన్‌చెరు పోయినంక దవాఖానకు పోత తమ్మీ. ముందుగాల జాగ దొరకనీ" అన్నాడు. ఇక్కడే చూపించుకుందామని నేను ఆ తర్వాత ఎన్నిసార్లు పోరినా అదే మాట. ఒకసారి డాక్టరు చేతికి చిక్కితే గుట్టలు ఎక్కనియ్యడని ఆయన భయం. ఆ సాయంత్రం చీకటి పడకముందే కాపలా మనిషి ఈల వేసి అందరినీ కిందికి దింపేశాడు. రాత్రి ఉండనివ్వరట.

అప్పటి నుంచి కొండల మీద అలిసిపోవడం నా వంతయింది. ఆయన ముఖం చూసి, ఆయన నోరు తెరవకముందే నేను కూర్చునేవాణ్ని. ఇంజనీర్ల మోకాళ్ల మీద కెమిస్టు హాస్యాలు పెరిగాయి. అతనికి నేను చెప్పలేదు, అన్న చెప్పలేదు. కానీ ఒక రోజు క్యాంటీన్లో అతనే నా పక్కన కూర్చుని, వాళ్ల మేనత్త ఊరు ఒకటుందని, భీమిలి దాటాక జాలర్ల పల్లె అని, ఊరి చివర తాడిచెట్ల మధ్య ఎర్రమట్టి మెరక ఉందని, దాని మీద వలలు ఆరేసుకుంటారని, ఎక్కడానికి ఏమీ లేదని, ఆ చివరి మాటను మాత్రం పళ్లెంలోకి చూస్తూ చెప్పాడు.

ఆ వచ్చే సెలవు రోజునే వెళ్లాం. మేనత్త చేపల పులుసూ అన్నమూ కట్టి ఇచ్చింది, నీళ్ల బిందె తనే మోసుకొచ్చి మెరక కింద పెట్టింది. నీలం బ్యాగు నేను తీసుకోబోతే అన్న ఇవ్వలేదు. వీపున వేసుకుని, పట్టీలు బిగించుకుని, ఎర్రమట్టి మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఎక్కాడు. నేను వెనకే ఉన్నాను, ఎక్కడ కూర్చోవలసి వస్తుందో అని ఆయన భుజాలే చూస్తూ. ఆయన ఆగలేదు. పైకి చేరాక బ్యాగు దించి, నా వైపు తిరిగి, "దమ్మొస్తుందా తమ్మీ?" అని అడిగాడు. లేదన్నాను. "నాకు గూడ వస్తలేదు" అన్నాడు. మా ఇద్దరి మధ్య ఆ మాట ఆయన గురించి రావడం అదే మొదటిసారి.

కెమిస్టు చేతులు చాచి చుట్టూ చూపించి, "ఇదిగోనండీ, మీరడిగిన గుట్ట. దీన్ని కొండంటే మావోళ్లు నవ్వుతారు" అన్నాడు. అన్న అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు ఆగాక మళ్లీ నవ్వాడు.

పొద్దు వాలుతుంటే పరుపులు పరిచాం. చెప్పవలసింది పెద్దగా ఏమీ లేదు. అలలు వినబడ్డాయి. ఒకటి విరిగి, ఇసక మీద జారి, వెనక్కు పోతూ చిన్న గులకరాళ్లను ఈడ్చుకుపోయే చప్పుడు కూడా విడిగా వినబడింది. అన్న వెల్లకిలా పడుకుని, చేతులు తల కింద పెట్టుకుని, కాసేపటికి, "మా ఇంటెనక రోడ్డు మీద లారీలు గూడ గిట్లనే మోగుతయి. గని అవన్ని ఎటో పోతనే ఉంటయి. ఇవి ఏడికి పోతలేవు" అన్నాడు. తెల్లవారి నేను లేచేసరికి అదే తీరుగా పడుకుని, కళ్లు తెరుచుకుని ఉన్నాడు. నిద్ర పోలేదా అంటే, నిద్ర పోనీకి వచ్చిన్నా, ఇననీకి గదా అన్నాడు.

పటాన్‌చెరు తిరిగొచ్చాక మాట నిలబెట్టుకుని దవాఖానకు పోయాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నారు. ఎందువల్లనో వాళ్లు చెప్పలేకపోయారు, ముందే వచ్చి ఉంటే ఏమన్నా జరిగేదా అని మేం అడగలేకపోయాం. ఇంటిని మూడో అంతస్తు నుంచి కింది అంతస్తుకు మార్చుకున్నారు. తర్వాత ఉద్యోగం మానేశాడు. తర్వాత మెషీను వచ్చింది. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేవాణ్ని. షిఫ్టు దిగి, ఆటో దొరక్క నడిచి, మాస్కు గీతలు ముఖం మీద ఉండగానే గుమ్మంలోకి వచ్చేవాణ్ని. ముక్కుకు గొట్టం, మంచం పక్కన మెషీను గుసగుస. మాట్లాడటానికే గాలి చాలని రోజుల్లో కూడా, నన్ను చూడగానే పక్క మీద చెయ్యి తట్టి, రెండు ముక్కలుగా, మూడు ముక్కలుగా, అదే చెప్పేవాడు. "కూసో తమ్మీ. అలిసినట్లున్నవ్. జెర దమ్ము దీసుకో."

కూర్చునేవాణ్ని. నాకు దమ్మొస్తుందనే చెప్పేవాణ్ని.

బ్యాగు ఇప్పుడు నా గదిలో కొక్కేనికి ఉంది. పట్టీలు ఆయన కొలతకే ఉన్నాయి. సెలవు రోజుల్లో ఒక్కణ్నే అటూ ఇటూ గుట్టలెక్కుతుంటాను, త్వరగా ఎక్కుతాను, త్వరగా దిగుతాను, ఎక్కడా ఎవరూ కూర్చోమనరు. దారి అడగడానికి కూడా మనిషి అవసరం లేకుండా పోయింది. మొన్న కొత్తగా చేరిన ట్రెయినీ పిల్లలు, నేను వైజాగులో పనిచేశానని తెలిసి, బ్యాగులేసుకుని పోవడానికి అక్కడ మంచి చోట్లేవో చెప్పమన్నారు. వరసగా చెప్పాను. అనంతగిరి, సింహాచలం, యారాడ, తొట్లకొండ. ఒక్కొక్కటి చెబుతుంటే ఫోన్లలో వెతికి, బొమ్మలు చూసి, ఎత్తు చూసి, తల ఊపుతున్నారు. ఆఖరున ఇంకొకటుందని చెప్పాను. దాని పేరేమిటని అడిగారు. పేరు లేదన్నాను. ఎత్తెంత అన్నారు.

పదకొండు మీటర్లు.