వెనుదిరిగే మాటల మాస్టారు

ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండల నడుమ ఓ చిన్న ఊళ్ళో, 1914 యుద్ధానికి ముందు జేబెజ్ హెబ్డెన్ లాటిన్ మాస్టారు. యుద్ధం తర్వాత క్యాబేజీలు పండించి సంతలో అమ్ముకున్నాడు. మధ్యలో జైలు. మనిషిని చంపనన్నందుకు వేసిన జైలు.

ఆ మాట అతనొక్కడే అనలేదు. అదే బడిలో చరిత్ర చెప్పే ఆంబ్రోస్ స్కైఫ్ అతనికి చిన్ననాటి స్నేహితుడు. తుపాకీ పట్టబోమని ఇద్దరూ ప్రార్థనామందిరంలో అందరి ఎదుటా నిలబడి చెప్పారు. తీరా విచారణ రోజున ఆంబ్రోస్, పటాలంలో చేరకుండా మినహాయించమన్న తన అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని గొణిగి, జేబెజ్ కేసి చూడకుండానే బయటికి నడిచాడు. పటాలంలో గుమాస్తాగిరీ చేసి, ఒంటి మీద గీత పడకుండా ఇంటికొచ్చాడు. బడివాళ్ళు చరిత్రతో పాటు లాటిన్ కూడా అతనికే అప్పగించారు. జేబెజ్‌ని గేటు దాటి లోపలికి రానివ్వలేదు.

జైల్లో ఖైదీలు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. టపా సంచులు కుడుతూ జేబెజ్ తనలో తాను పాత ఇంగ్లీషు మాటలు ఏరుకునేవాడు. అన్నీ వెనక్కి తిరగడం గురించినవే. ఎవరిని తలుచుకుని ఏరాడో చెల్లెలు థర్జాకి తెలుసు. ఏనాడూ అడగలేదు.

1924 చలికాలంలో ఆంబ్రోసే కబురు పెట్టాడు. పనివాళ్ళ సంఘంలో తను కమిటీ మనిషి. మాటల మీద పాఠాలు చెప్పడానికి జేబెజ్‌ని పిలుద్దామని అందరినీ ఒప్పించాడట.

"తన పుండుకి తను మందు రాసుకుంటున్నాడు. నీకెందుకన్నయ్యా?" అంది థర్జా.

జేబెజ్ వినలేదు. పాఠం చెప్పక ఎన్నేళ్ళయిందో. కోటు దులిపి తొడుక్కున్నాడు.

మొదట బాగానే సాగింది. రీకాంట్ అంటే అన్న మాట కాదనడం కదా, లాటిన్‌లో దాని మూలం పాడడం, పాడిన నోటితోనే వెనక్కి పాడడం అని చెబితే మిల్లు మనుషులు నవ్వారు. తర్వాత రెక్రియంట్. పూర్వం తగాదాలు కత్తులతో తేల్చుకునేవారు. బరిలో ఓడి, తనను తాను ఎదుటివాడికి ఒప్పజెప్పుకున్నవాడికి ఆ పేరు. పిరికివాడన్న అర్థం అక్కణ్ణుంచే వచ్చింది.

"ఇంకోటి టెర్జివర్సేట్," అన్నాడు జేబెజ్. "టెర్గమ్ అంటే వీపు. వెర్తెరె అంటే తిప్పడం. నిన్న పక్కన నిలబడ్డవాడికి ఇవాళ వీపు తిప్పేస్తాడు చూడండి, వాడి పని."

హాల్లో తలలన్నీ ముందు వరుసలో ఉన్న ఆంబ్రోస్ వైపు తిరిగాయి. అతను ఒళ్ళో టోపీని చూసుకుంటూ కూర్చున్నాడు.

వెనకనుంచి మాంసం కొట్టు టార్డాఫ్ లేచాడు. అతని కొడుకు యుద్ధంలో, ఫ్రాన్సులో చనిపోయాడు. పూడ్చడానికి శవం కూడా దొరకలేదు.

"మరి అసలు యుద్ధానికి పోనేపోనోణ్ణి ఏమంటారు మాస్టారూ?"

ఊరుకోవలసింది. పాఠం చెప్పే అలవాటు నోరు మూయనివ్వలేదు. "బరిలో దిగి లొంగినవాడే రెక్రియంట్, టార్డాఫ్ గారూ. దిగనివాడికి ఆ మాట చెల్లదు."

"మావోడు దిగాడు. లొంగలేదు. ఆడికేం మాటుంది మీ దగ్గర?"

జేబెజ్ రాసుకొచ్చిన మాటల కాగితం మళ్ళీ చూసుకున్నాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చివర్న చెప్పాలని దాచుకున్న మాట అతని నోట్లోనే ఉండిపోయింది. రెసిపిసెన్స్, అంటే దారి తప్పిన బుద్ధి మళ్ళీ తన చోటికి రావడం. ముందు ఆంబ్రోస్‌ని పొడవాలనీ, ఆ తర్వాత ఆ మాటతో చెయ్యి చాచాలనీ అనుకుని వచ్చాడు. పొడవడం మాత్రమే అయింది.

ఆ ఆదివారం ఆంబ్రోస్ క్యాబేజీ తోటలోకొచ్చాడు. పాఠాలు ఆపేయమని కమిటీ తీర్మానించిందట.

"నువ్వేమన్నావ్ అక్కడ?" అడిగాడు జేబెజ్, పార ఆపకుండా.

"నేనేం అనలేదు." ఆంబ్రోస్ ఓ అడుగు దగ్గరికొచ్చాడు. "నన్నే అన్నావు కదరా, ఆ వీపు మాట?"

"లేదురా. వరసలో వచ్చింది, చెప్పాను."

అబద్ధం. నిజం ఒప్పుకుని, మిగిలిన మాట కూడా చెప్పెయ్యవచ్చు. జేబెజ్ నోరు తెరిచాడు. అవతలివాడి శుభ్రమైన బూట్లు చూశాడు. మళ్ళీ మట్టి తవ్వుకున్నాడు.

ఆ తర్వాత ఆంబ్రోస్ తోట పక్క దారి మానేసి, ఏటి గట్టు మీదుగా చుట్టు తిరిగి బడికి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి ప్రధానోపాధ్యాయుడయ్యాడు. టార్డాఫ్ వీధిలో ఎదురైతే ఉమ్మేసేవాడు. జేబెజ్ తల దించుకుని పోయేవాడు. ఆ ముసలాయన అడిగినదానికి జవాబు చెప్పలేకపోయానన్న బాధే అతన్ని జైలుకంటే ఎక్కువ తిన్నది.

ఎవరికీ మళ్ళీ పాఠం చెప్పలేదు. ఓ మార్చి నెలలో న్యుమోనియాతో మంచం పట్టాడు. ఆంబ్రోస్‌కి కబురు చేయనా అని థర్జా అడిగితే, వద్దని గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండోరోజు పోయాడు. అన్నయ్య వద్దన్నా, అంత్యక్రియలకి రమ్మని ఆమె కబురు చేసింది. బడిలో పరీక్షలున్నాయని, రాలేనని జవాబొచ్చింది.