చెరుకు చాటు

ఇది ఉచ్చ పోసుకోవడం గురించి. నేను చెబుతుంటే రాస్తున్నవాళ్ళు "ఇంకో మాట పెడదామా?" అని అడిగారు. వద్దన్నాను. ఆ మాట పదిమందిలో అనడానికి నేను ఎంత చచ్చానో నాకే తెలుసు. ఇప్పుడు దాన్ని కడిగి, పౌడరు రాసి ఇవ్వలేను.

చోడవరం ఊరి చివర, చెరుకు పొలాల పక్కన, కరెంటు బస్సుల కంపెనీవాళ్ళు షెడ్డు కట్టారు. అంతకుముందు, నా పెనిమిటి పోయినప్పటి నుంచీ, నేను బస్సులు ఆగే చోట ఒక టీ కొట్టులో గ్లాసులు కడిగేదాన్ని. డీజిలు బస్సు స్టార్టు చేస్తే ఆ నల్లపొగ తిన్నగా నా మొహం మీదికే వచ్చేది. సాయంత్రం ఇంటికెళ్ళి ముక్కు చీదితే కొంగంతా మసి. అందుకని కరెంటు బస్సు మీద నాకు ఏ కోపమూ లేదు. మంచి బస్సది. పొగ లేదు, రొద లేదు, పిల్లి నడిచినట్టు పక్కనుంచి పోతుంది. నాకు రోత పుట్టించింది మనుషులు.

బస్సులు కడగడానికి ముగ్గురు ఆడవాళ్ళని పెట్టుకున్నారు. నేను, రావికమతం నుంచి వచ్చే నా ఈడు మనిషి, దేవరాపల్లి నుంచి వచ్చే ఒక కొత్త కోడలు. బస్సు విశాఖపట్నం పోయి వచ్చి, చార్జింగు పెట్టుకుని నిలబడితే మేం చీపురు, బకెట్టు పట్టుకుని ఎక్కుతాం. ఏసీ బస్సు కదా, అద్దాలు తెరుచుకోవు. మావైపు జనానికి బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది, తల కిటికీ బయటపెట్టి కక్కుకోవడం పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు ఆ అద్దం మీదే కక్కుతున్నారు. అది కారి సీటు సందులోకి పోతుంది. వేళ్ళు పెట్టి తీస్తాం. దాన్ని నేను రోత అనను. అది పని.

రోత ఏమిటంటే, అక్కడ బస్సుకి అన్నీ ఉన్నాయి. ఎండ తగలకుండా రేకుల కప్పు ఉంది. దాని బ్యాటరీ వేడెక్కకుండా చల్లబరిచే ఏర్పాటు ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే కెమెరాలు ఉన్నాయి. డ్రైవర్లకి నడుం వాల్చడానికి మంచాలున్నాయి. మగవాళ్ళు గోడవైపు తిరిగితే వాళ్ళ అవసరం తీరిపోతుంది. మాకే ఏమీ లేదు. పనిలో చేరిన రోజే సూపర్‌వైజరుని అడిగాను. నా కొడుకు వయసువాడు, పట్నం నుంచి వచ్చాడు.

"బాబూ, ఆడోలు ఎక్కడికెల్లాల?"

"అది ప్లాన్‌లో లేదమ్మా. కొంచెం అడ్జస్ట్ అవ్వండి."

అడ్జస్ట్ అయ్యాం. పక్కనే చెరుకుతోట, మనిషి నిలబడితే కనపడనంత ఎత్తు. ఆకు చేతులు కోసేది, పాముల భయం ఉండేది, అయినా చాటు చాటే. ఒకరు లోపలికెళితే ఒకరు గట్టు మీద కాపలా. ఆ తోట రైతు ఒకరోజు మమ్మల్ని చూసేశాడు. తిడతాడనుకుంటే నవ్వాడు.

"ఓలప్పా, ఎరువు మీరే ఏసేత్తన్నారు. నాకు యూరియా బస్తా మిగిలింది."

రావికమతం మనిషి ఊరుకునే రకం కాదు. "మిగిల్తే మాకో సెరుకు గెడ ఇరిసియ్యి. ఊరికే పళ్ళు సూపిత్తావేటి?"

విరిచే ఇచ్చాడు. ఆ రోజులు బాగానే గడిచాయి.

తర్వాత చక్కెర ఫ్యాక్టరీ నుంచి, చెరుకు కొట్టి పంపమని కటింగ్ ఆర్డరు వచ్చింది. ఆ రైతే మా దగ్గరికి వచ్చాడు. ఏదో తప్పు చేసినవాడిలా తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

"అప్పా, రేపట్నుంచి కొట్టించేత్తన్నాను. నానేటి సెయ్యను? పంట మీకోసం ఉంచనేను గదా."

కొట్టేశారు. ఆకు కూడా తగలబెట్టారు. ఎక్కడ నిలబడ్డా రోడ్డు కనిపిస్తుంది, రోడ్డు మీద ఆటోలకి మేం కనిపిస్తాం. దేవరాపల్లి కోడలు నీళ్ళు తాగడం మానేసింది. ఇంటి దగ్గర బయల్దేరే ముందు పోయి, మళ్ళీ ఇల్లు చేరేదాకా బిగపట్టుకునేది. ముట్టు రోజుల్లో ఆ పిల్ల పడిన అవస్థ నేను చెప్పను. చివరికి మంట, చలిజ్వరం. సర్కారు ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. నీళ్ళెందుకు తాగవమ్మా అని డాక్టరమ్మ కసురుకుంటే ఆ పిల్ల నేల చూపులు చూసింది.

మర్నాడు సూపర్‌వైజరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను.

"సెరుకు కొట్టేసేరు బాబూ. ఆ కోడలు గుంట జొరంతో పడుంది. నాలుగు రేకులైనా కట్టించు."

వాడు ఫోను మీంచి తల ఎత్తలేదు. "మీ ఊళ్ళల్లో ఎప్పుడూ బయటకే కదా పోతారు. ఇప్పుడేంటి కొత్తగా?"

"మా ఇంటికాడ మరుగుదొడ్డుంది బాబూ. మీ ఇంటికాడ నేదేటి?"

డ్రైవర్లు నవ్వారు. వాడి మొహం మాడిపోయింది. రేకులు మాత్రం రాలేదు.

కొన్నాళ్ళకి కంపెనీ నుంచి ఒక మేడమ్ వచ్చింది, వెంట కెమెరావాళ్ళు. మాకు ఆకుపచ్చ కోట్లు తొడిగి బస్సు ముందు నిలబెట్టారు. మేడమ్ నా భుజం మీద చెయ్యేసి, మన పిల్లలు రేపు మంచి గాలి పీల్చాలని చాలాసేపు మాట్లాడింది. బాగానే మాట్లాడింది. మాట్లాడడం అయ్యాక సూపర్‌వైజరుని పక్కకి పిలిచి మెల్లగా ఏదో అడిగింది. వాడు మింగలేక కక్కలేక నావైపు చూశాడు.

"అమ్మా, మేడమ్‌ని తీసుకెళ్ళు." కళ్ళతో దూరంగా ఉన్న ఒక డాబా చూపించాడు. అక్కడికి తీసుకెళ్ళి ఎవరినో బతిమాలమని.

నాకు అర్థమైంది. నేను మాత్రం రోజూ పోయే దారినే పట్టాను. ఆమె వెనకాలే వచ్చింది. చెరుకు మోళ్ళలో చెప్పు దిగబడింది. ఆగి, చుట్టూ చూసింది.

"ఎక్కడ?"

"ఇక్కడేనమ్మా. మొన్నటిదాకా సెరుకుండేది."

రోడ్డు మీద ఆటో ఒకటి నెమ్మదించింది. లోపల ఉన్నవాళ్ళు మెడలు సాచారు. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగి, గబగబా వెళ్ళి కారెక్కింది. ఆ నడక చూస్తే నాకు సంతోషం కలగలేదు. ఆమె కూడా ఆడదే, పట్నం చేరేదాకా ఆపుకోవాలి.

తర్వాత చూడండి చిత్రం. నెల తిరక్కుండా దొడ్డి లేచింది. టైల్సు, అద్దం, కుళాయి. మేం మొహాలు చూసుకుని నవ్వుకున్నాం. మర్నాటికి దానికి తాళం పడింది.

"గెస్టులు వస్తారు. నీట్‌గా ఉండాలి," అన్నాడు సూపర్‌వైజరు. "మీరు రోజూ కడిగి తాళం నాకు ఇచ్చేయండి."

అంటే మేం కడగాలి, మేం పోకూడదు. బస్సులో కక్కు ఎత్తినప్పుడు కలగని వికారం నాకు ఆ మాటకి కలిగింది. రావికమతం మనిషి చీపురు కింద పడేసి గొడవకి దిగింది. అంతా అయ్యాక వాడు, "సరే, మరీ అర్జెంటైతే నన్ను అడగండి, ఇస్తాను," అన్నాడు. వాడి ధీమా ఏమిటో నాకు తెలుసు. ఏ ఆడది వచ్చి అడుగుతుంది?

నేను అడిగాను. వాడు డ్రైవర్లతో కూర్చుని టీ తాగుతున్నప్పుడు, షెడ్డు ఈ చివర నుంచి గొంతెత్తి అరిచాను.

"బాబూ! ఉచ్చకెల్లాల! తాళం ఇయ్యి!"

ఒకడికి టీ పొలమారింది. సూపర్‌వైజరు ఉరికి వచ్చాడు. "మెల్లగా అడగొచ్చు కదమ్మా."

"మెల్లగా అడిగితే నీకినపడనేదు గదా."

పొద్దున అరిచాను, మధ్యాహ్నం అరిచాను. అవసరం లేకపోయినా అరిచాను. నా పెనిమిటి బతికున్నన్నాళ్ళూ పక్కింటి మగాడి ముందు గొంతు పైకి రానిదాన్ని. ఇంటికెళ్ళి మొహం కడుక్కుంటుంటే నా మీద నాకే అసహ్యం వేసేది. దేవరాపల్లి పిల్ల నా చెయ్యి పట్టుకుని, "ఒద్దు పిన్నీ, నాకోసం నువ్వు పరువు తీసుకోకు," అని ఏడ్చింది. ఎవరి పరువే, అన్నాను.

ఒకరోజు వాడు ఫోను ఎదురుగా పెట్టుకుని పైవాళ్ళతో మీటింగులో ఉన్నాడు. ఆ ఫోనులో మనుషుల మొహాలు కనిపిస్తున్నాయి. కిటికీ దగ్గరికెళ్ళి అదే మాట అదే గొంతుతో అరిచాను. వాడు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, తాళంచెవి కిటికీలోంచి నా కాళ్ళ దగ్గరికి విసిరాడు.

"నీ దగ్గరే పెట్టుకో. మళ్ళీ నన్ను అడక్కు."

వంగి తీసుకున్నాను. కుక్కకి ఎముక విసిరినట్టు విసిరాడు, అయినా తీసుకున్నాను. ఆ తాళంచెవి ఇప్పుడు నా బొడ్లో ఉంటుంది. ఆ పిల్ల బకెట్టు కింద పెట్టి నావైపు నడిచి వస్తే చాలు, నోరు తెరవకముందే తీసి చేతిలో పెట్టేస్తాను.